అచ్చు రాయా, అచ్చమైన రాయా?

ఇప్పుడు మా హనుమంతునిపాడు చుట్టుపక్కల ఏ ఊళ్లో కొత్త ఇల్లు లేచినా ముందుగోడ మీద ఎక్కడో ఒకచోట రాయి కనిపించాల్సిందే. ఇల్లంతా ఇటుక, సిమెంటే. కానీ పోర్టికో స్తంభాలకో, మెట్ల పక్క గోడకో, బాల్కనీ కిందనో, కొండ మీంచి పెకలించుకొచ్చి పేర్చినట్టు ఎగుడుదిగుడు రాళ్లు ఉంటాయి. దగ్గరికెళ్లి చేత్తో తడిమి చూడండి. చాలావరకు అది రాయి కాదు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చిన టైలు. దాని మీద రాయి బొమ్మ అచ్చేసి ఉంటుంది. షాపుల్లో దీన్ని ‘ఎలివేషన్ టైల్’ అంటారు. మా ఊళ్లో మాత్రం అందరూ ‘రాయి డిజైను’ అనేస్తారు.

ఇందులో తమాషా ఏంటంటే, మాది నీళ్లకు కరువున్న సీమ గానీ రాళ్లకు కరువున్న సీమ కాదు. తూర్పున చీమకుర్తి ఉంది. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరిసే ‘బ్లాక్ గెలాక్సీ’ గ్రానైట్ దేశదేశాలకు వెళ్లేది అక్కణ్నుంచే. పడమటి వైపు మార్కాపురం. తెలుగునాట ఎన్ని తరాల పిల్లలు అక్కడి పలకల మీద అ ఆ లు దిద్దారో లెక్కలేదు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా ట్రాలీ ఆటోలో నికార్సయిన రాయి తెచ్చుకోగల దూరం. అయినా మేం వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల నుంచి రాయి బొమ్మ తెప్పించుకుంటున్నాం.

ఇదంతా నాకు పట్టింది పోయినేడు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. బ్యాంకు లోను పెట్టి ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నాం. స్లాబు పడింది, ప్లాస్టరింగ్ అయింది. ఇక మిగిలింది ముందుగోడ. పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. పడమటి వాకిలి కాబట్టి మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఎండంతా దాని మీదే. నాన్న తన ఫోన్‌లో బంధువుల ఇళ్ల ఫొటోలు ఒక్కొక్కటే చూపించి, ‘‘ముందర ఒక లుక్కుండాల్రా. రోడ్డు మీద పొయ్యేవాడు ఒకసారి తలతిప్పి చూడాల’’ అన్నాడు. సొంతానికి ఎప్పుడూ ఏమీ కోరుకోని మనిషి. జీవితంలో మొదటిసారి ఒక డిజైను అడిగాడు. కాదనడానికి నోరు రాలేదు.

కనిగిరిలో ఒక షాపుకి వెళ్లాం. షాపాయన నేల మీద పన్నెండు టైళ్లు పరిచాడు. దూరం నుంచి చూస్తే నిజంగానే రాతిగోడ. వంగి చూస్తే నా కళ్లకు వేరే ఏదో తగిలింది. రెండో టైలులో ఎడమవైపు గోధుమ రంగు మచ్చ, దాని కింద చిన్న పగులు. ఆరో టైలులో అదే మచ్చ, అదే పగులు. పదో దాంట్లోనూ అంతే. ఉద్యోగం అలవాటు అనుకోండి, ఎక్కడ ఏది కాపీ పేస్ట్ అయినా నా కన్ను అక్కడే ఆగిపోతుంది. ఈ టైళ్ల తయారీలో బొమ్మను ఇంక్‌జెట్ ప్రింటర్ లాంటి మెషీనే వేస్తుంది. ఒక డిజైనుకి నాలుగు బొమ్మలు చేసిపెడితే అవే తిరిగి తిరిగి పడుతుంటాయి. మంచి రకాల్లో ఇంకా ఎక్కువ బొమ్మలుంటాయి, ధర కూడా ఎక్కువే. ప్రకృతిలో రెండు రాళ్లు ఒకేలా ఉండవు. టైళ్లలో ఐదో రాయి మొదటి రాయే. నాన్నకి ఆ మచ్చలు చూపిస్తే, ‘‘రోడ్డు మీద పొయ్యేవాడు ఇవన్నీ లెక్కపెడతాడా?’’ అన్నాడు. ఆ మాటా నిజమే.

రాయి కానిదాన్ని రాయిలా చూపించాలనే సరదా మనకొక్కరికే కాదులెండి. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1937లో ‘ఫార్మ్‌స్టోన్’ అని ఒకటి పేటెంట్ అయింది. ఇటుక ఇళ్ల ముందుగోడలకు రంగులు కలిపిన సిమెంటును పొరలుపొరలుగా పూసి, పైన రాళ్లు పేర్చినట్టు గీతలు తీర్చేవారు. వీధులకు వీధులే అలా ‘రాతి ఇళ్లు’ అయిపోయాయి. తర్వాతి తరం వాళ్లు అదంతా పీకించి, కింద ఉన్న పాత ఇటుకను మళ్లీ బయటికి తీసుకుంటున్నారు. మా ఇంటి కథ ఇంకా విచిత్రం. మా పాత ఇల్లు అసలు రాతి ఇల్లే. అడుగున్నర మందం గోడలు, మట్టి అడుసుతో కట్టినవి. మా తాత చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ఏడాది చేసిన మొదటి పని ఆ రాయి కనబడకుండా సిమెంటు పూయించడం. అప్పట్లో గోడకి రాయి కనిపిస్తే లేనోళ్లు అని గుర్తు. ఇప్పుడు ఆయన మనవడు సిమెంటు గోడ కట్టి, దానికి రాయి అంటించడానికి లెక్కలు వేస్తున్నాడు.

టైలు కొనేసేవాళ్లమే. ఆగడానికి కారణం మా పిన్నివాళ్ల ఇల్లు. గృహప్రవేశం అయిన నాలుగో నెలలో వాళ్ల పోర్టికో పైనుంచి ఒక రాత్రి రెండు టైళ్లు ఊడి పడ్డాయి. ఒకటి స్కూటర్ సీటు చీల్చుకుని పోయింది. రెండోది పడ్డ మెట్టు మీద సాయంత్రాలు మా పిన్ని మనవరాలు కూర్చుని అన్నం తింటుంది. పడింది రాత్రి కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత నెల రోజులు ఆ గుమ్మం కింద నిలబడి మాట్లాడటానికి కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఎందుకు ఊడాయి? మా ఇంటి పని చేస్తున్న మేస్త్రిని తీసుకెళ్లి చూపించాను. ఈయన మా మండలం మనిషే. పడమటి ప్రకాశంలో చాలామంది లాగానే వానలు లేని ఏళ్లలో హైదరాబాద్ వలసపోయి, పదేళ్లు పెద్దపెద్ద టవర్ల మీద రాతిపని చేసి వచ్చాడు. ఊడిన టైలు తీసుకుని వెనక్కి తిప్పాడు. ‘‘చూడబ్బాయ్. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడిమధ్య ఒక ముద్ద. మిగతాదంతా డొల్ల. గోడకేమో ఆల్రెడీ పెయింటు. ఇది పెయింటుకి అంటుకుంది గానీ గోడకి అంటుకోలేదు’’ అన్నాడు.

దీని వెనక సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. మన వంటింటి గోడలకు వేసే మామూలు సిరామిక్ టైలు వెనక భాగం నీళ్లు బాగా పీలుస్తుంది. పది శాతం పైనే. అందుకని సిమెంటు పాలు దాని రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటాయి. బయట గోడలకు వేసే విట్రిఫైడ్ టైలు అలా కాదు. అది పీల్చే నీళ్లు అర శాతం కూడా ఉండవు. గాజు పలకకి సిమెంటు రాసినట్టే లెక్క. ఆరిన రోజు గట్టిగానే ఉంటుంది. తర్వాత ఎండకి టైలు ఒక తీరున సాగుతుంది, గోడ ఒక తీరున సాగుతుంది. రాత్రికి రెండూ ముడుచుకుంటాయి. మా వైపు ఎండాకాలం ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఈ లాగుడు రోజూ జరుగుతుంటే మధ్యలో ఉన్న పట్టు కొంచెం కొంచెం వదిలేస్తుంది. ముద్దల మధ్య డొల్లలో వాననీరు చేరితే ఇంక చెప్పేదేముంది? అందుకే విట్రిఫైడ్‌కి పాలిమర్ కలిపిన గమ్మే వాడాలి. ఆ బస్తాల మీద ఐఎస్ 15477 అనే నంబరు, దాని కింద టైప్ 1, టైప్ 2 అంటూ రకం రాసి ఉంటాయి. చవగ్గా వస్తుందని టైప్ 1 తెచ్చి బయటగోడకి, అందులోనూ బరువైన రాయికి వాడకూడదు. అది ఇంటిలోపల చిన్న టైళ్లకి పనికొచ్చేది. బయట రాతిపనికి కనీసం టైప్ 3 ఉండాలి. బస్తా కొనేటప్పుడు ఆ ఒక్క గీత చదవడానికి పట్టేది రెండు సెకన్లు. పిన్నివాళ్ల ఇంట్లో గమ్ము అనే మాటే రాలేదు, అది వేరే సంగతి.

ఇంకో షాపులో ఇంకా తేలికైన దారి చూపించారు. అచ్చం రాతిగోడలా ఉండే ఫోమ్ ప్యానెళ్లు. ఒక చేత్తో ఎత్తేయొచ్చు. స్క్రూలు బిగిస్తే గంటలో గోడ రెడీ. ఆయన చెప్తున్నంతసేపూ నాకు లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ గుర్తొచ్చింది. 2017 జూన్ 14 రాత్రి ఆ ఇరవై నాలుగు అంతస్తుల భవనానికి నిప్పంటుకుని 72 మంది చనిపోయారు. ఒక వంటింట్లో పుట్టిన మంటను గోడల బయట అందం కోసం, వెచ్చదనం కోసం బిగించిన ప్యానెళ్లే పైదాకా మోసుకెళ్లాయి. వాటి మధ్యలో ఉన్నది ప్లాస్టిక్. మాది ఒక అంతస్తు ఇల్లే, పోలిక పెట్టుకోవడం అతి అనిపించవచ్చు. కానీ మా కరెంటు మీటరు ఉన్నది సరిగ్గా ఆ గోడ మీదే. వద్దన్నాను.

‘‘మరి మార్కాపురం పలక రాయి పెడదాం’’ అన్నాను. నాకు ఆ ఆలోచన చాలా బాగా నచ్చింది. మన రాయి, మన నేల, ఆపైన మా అమ్మ పుట్టిల్లు కూడా మార్కాపురం వైపే. ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మ మాత్రం, ‘‘నా ఇంటికి ఆ రాయి వద్దు’’ అంది.

అంతే. ఇంకేం చెప్పలేదు. రెండు రోజులు ఆ మాట మీదే ఉంది. మూడో రోజు కందులు చెరుగుతూ తనే మొదలుపెట్టింది.

అమ్మ చిన్నప్పుడు పలకల పనికి పోయిందని నాకు తెలుసు గానీ, అది బడికి పోనందుకు చెప్పే ఒక్క ముక్కగానే తెలుసు. ఆ రోజు మొత్తం చెప్పింది. మూడో తరగతితో బడి ఆగిపోయింది. పొద్దున్నే అక్కతో కలిసి వెళ్లేది. క్వారీ నుంచి వచ్చిన రాయిని మగవాళ్లు ఉలి పెట్టి రేకులుగా చీల్చేవాళ్లు. మిషన్ మీద కొలతకు కోసేవాళ్లు. ఆ రేకుల్ని నున్నగా రుద్దడం, చెక్క ఫ్రేములు తొడగడం ఆడవాళ్లది, పిల్లలది. రోజుకి ఇన్ని పలకలని లెక్క. సాయంత్రానికి తలంతా బూడిద రంగు. ‘‘ఇంటికొచ్చినాక మా అమ్మ నన్ను బయటే నిలబెట్టి నీళ్లు పోసేది. ముక్కులోంచి నల్లగా కారేది’’ అంది. దేశంలోని పిల్లలందరూ రాసుకోవడానికి పలకలు చేసి పంపింది గానీ, తన చేతికి పలక లేదు.

1987లో కేంద్రం బాలకార్మిక విధానం తెచ్చింది. మరుసటేడు జాతీయ బాలకార్మిక పథకం మొదలైనప్పుడు దేశం మొత్తమ్మీద ముందుగా ఎంచుకున్న కొద్దిచోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, సూరత్ వజ్రాల సానపట్టు, మీర్జాపూర్ తివాచీల సరసన మన పలకలూ ఆ జాబితాలో ఉన్నాయి. ప్రత్యేక బడులు పెట్టారు. అప్పటికి అమ్మకు పదిహేనేళ్లు. పధ్నాలుగు దాటినవాళ్లు ఆ లెక్కలోకి రారు. అమ్మ చెల్లెలు, అంటే స్కూటర్ పోగొట్టుకున్న ఈ పిన్నే, ఆ బడికి వెళ్లి పదో తరగతి దాకా చదివింది.

అసలు విషయం మా పెద్దమామది. ఆయన కోత మిషన్ మీద పనిచేసేవాడు. నలభై రెండేళ్లకే దగ్గి దగ్గి పోయాడు. టీబీ అని మందులు వాడారు, తగ్గలేదు. పలక రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. పొడిగా కోసినా, రుద్దినా కంటికి కనబడనంత సన్నటి సిలికా ధూళి లేచి ఊపిరితిత్తుల అడుక్కి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ మచ్చలు కడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. ఎక్స్‌రేలో, లక్షణాల్లో టీబీలా కనిపించి డాక్టర్లను కూడా పక్కదారి పట్టిస్తుంది, పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసే కార్మికుల్లో ఈ జబ్బు ఎంత తీవ్రంగా ఉండేదో వైద్యులు చాలా ఏళ్ల కిందటే నమోదు చేశారు. మా మామకి వచ్చింది ఏదో ఇప్పుడు తేల్చే దారి లేదు. అమ్మకి మాత్రం సందేహం లేదు. ‘‘ఆ దుమ్మే’’ అంటుంది.

ఈ గొడవ మన పల్లెలకే పరిమితం కూడా కాదు. వంటింటి గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ రాయిని కోసేవాళ్లకు సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయి తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ నిషేధించింది. నేను ఇది చెప్తే అమ్మ, ‘‘మరి వాళ్ల రాయి ఆపేసినోళ్లు దుమ్ము పడకుండా కొయ్యొచ్చని చెప్పలేదా?’’ అని అడిగింది. నీళ్లు పోసి కోస్తే దుమ్ము చాలావరకు లేవదు, అందుకు పద్ధతులున్నాయి, జనం పాటించరు, అది చూసే అక్కడ నిషేధం దాకా వెళ్లింది అన్నాను. కాసేపు చేట పక్కనపెట్టి ఆలోచించింది. ‘‘అయితే ఒక షరతు. నా ఇంటిముందు ఒక్క రాయి కూడా పొడిగా కొయ్యకూడదు. రాయి నేనే ఏరతా’’ అంది. మామ పేరెత్తి మళ్లీ ఏమీ అనలేదు.

ఇద్దరం మార్కాపురం వెళ్లాం. రాసుకునే పలకల కాలం ఎప్పుడో వెనకపడింది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక చాలామంది గోడలకు, నేలకు వేసే డిజైను రాయి వైపు మళ్లారు. బూడిద, నలుపు, ఆకుపచ్చ, తుప్పు రంగు, అన్నీ కలిసిన మల్టీకలర్ కూడా ఉంది. విదేశాలకూ వెళ్తుంది.

ఈ రాయి పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం కడప బేసిన్ అనే అతి పురాతన శిలల తొట్టెలో భాగం. ఇక్కడి పలక రాళ్లున్న పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే ‘కంభం ఫార్మేషన్’. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో నీటి అడుగున పేరుకున్న సన్నటి బురద అది. దాని మీద పొరల బరువు పడి, భూమి పక్కల నుంచి నొక్కి, ఆ ఒత్తిడికి లోపలి సన్నటి రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. అందుకే ఉలి సరైన చోట పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పాత పుస్తకం పేజీల్లా విడిపోతుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇదే జాతి రాయిని చీల్చి ఇళ్ల కప్పులకు వేశారు. ఆ పలక రాతి క్వారీల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు. మన దగ్గర అలాంటి బోర్డేమీ కనిపించదు.

అమ్మ రాళ్ల గుట్ట ముందు కూర్చుంది. నలభై ఏళ్ల తర్వాత. ఒక్కో పలకను రెండు వేళ్లతో అంచు పట్టుకుని వేలాడదీసి, మరో చేతి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. ‘ఖంగ్’ మంటే ఒక పక్క, ‘దబ్’ మంటే ఇంకో పక్క. దబ్ మన్న వాటిలో కంటికి కనబడని పగులు ఉంటుందట. పసుపు పచ్చగా మెరిసే చుక్కలున్న రాళ్లు కూడా తీసేసింది. నాకవి అందంగా కనిపించాయి. ‘‘అవి ఇనుప చుక్కలురా. రెండు వానలు పడితే గోడంతా తుప్పు కారుద్ది’’ అంది. తర్వాత చదివితే ఆ చుక్కలు పైరైట్ అట, గాలి, నీరు తగిలితే తుప్పు మరకలు కడుతుందట. యార్డు యజమాని ముందు నవ్వాడు. పావుగంట తర్వాత కుర్చీ తెప్పించి వేయించాడు. ‘‘ఏ యూనిట్లో చేశావమ్మా?’’ అని అడిగితే అమ్మ పేరు చెప్పలేదు. ‘‘ఏదో ఒకదాంట్లే’’ అంది.

ఇక బిగింపు. మేస్త్రి ముందుగా అడిగింది బరువు. పలక రాయి నీటికన్నా సుమారు రెండుంబావు నుంచి రెండుముప్పావు రెట్లు... కాదు, సరిగ్గా చెప్పాలంటే దాదాపు రెండుముప్పావు రెట్లు బరువు. పన్నెండు మిల్లీమీటర్ల మందంలో చదరపు అడుగుకి మూడు కిలోలు పడుతుంది. మా గోడ నూట ఇరవై చదరపు అడుగులు. అంటే మూడున్నర క్వింటాళ్ల పైమాట, గమ్ము కాకుండా. నాన్నకి ఆ అంకె వెంటనే అర్థమైంది. ‘‘ఏడు బస్తాల కందులు గోడకి వేలాడదీసినట్టే గదా’’ అన్నాడు. మేస్త్రి తలూపి, ‘‘తలుపు ఎత్తు దాకా గమ్ముతో పెడతా. ఆ పైన పెట్టాలంటే ప్రతి రాయికీ స్టీలు క్లాంపు గోడలోకి దిగాల. హైదరాబాద్‌లో మేం అట్టనే చేసేది. క్లాంపు లేకుండా తలమీద రాయి పెట్టే పని నేను చెయ్యను’’ అన్నాడు. నాన్న ముఖం చిన్నబోయింది. కానీ పిన్నివాళ్ల మెట్టు ఆయన కూడా చూసొచ్చాడు. ఏడడుగుల దాకా రాయి, ఆ పైన రంగు అని తేలింది. ఎనభై నాలుగు చదరపు అడుగులు, రెండున్నర క్వింటాళ్లు.

అసలు రాయి పెట్టడం మొదలయ్యేసరికి నాలుగు రోజులు గోడ తయారీకే పోయాయి. ప్లాస్టరింగ్ మీద సుత్తి, ఉలితో దగ్గరదగ్గరగా గాట్లు కొట్టాడు. నున్నటి గోడ పట్టు ఇవ్వదు. మోత డొల్లగా ఉన్న రెండుచోట్ల ప్లాస్టరింగ్ ఊడగొట్టి మళ్లీ చేశాడు. గోడే ఊడేదైతే దానికి ఎంత మంచి గమ్ము పెట్టినా గోడతో సహా వస్తుంది. తర్వాత దుమ్ము పోయేలా కడిగాడు. పలకలను కూడా వెనకవైపు ఇనుప బ్రష్‌తో రుద్ది కడిగించాడు. చీల్చిన రాయికి వెనక వదులు రేకులు, పొడి ఉంటాయి. గమ్ము ఆ రేకునే పట్టుకుంటుంది, రాయిని కాదు.

ఇక్కడ మా ఊరి నీళ్ల గొడవ వచ్చింది. కనిగిరి ప్రాంతం ఫ్లోరైడ్ నీళ్లకు పేరు మోసింది, వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూడటంలోనే రెండు తరాలు గడిచాయి. మా బోరు నీళ్లు బకెట్టులో రెండు రోజులుంటే అంచు చుట్టూ తెల్లగా ఉప్పు కడుతుంది. అవే నీళ్లు గమ్ములో కలిపి, గోడకి పడితే, ఆరేటప్పుడు ఆ ఉప్పు నీళ్లతోపాటు పైకి తేలుతుంది. నల్ల రాయి మీద తెల్ల చారలు. గమ్ము కలపడానికి, ఆఖరి కడుగుడుకి ట్యాంకరు మంచినీళ్లే వాడాం. తాగడానికి క్యాన్లు కొనే ఊళ్లో గోడకి మంచినీళ్లు పోస్తున్నామని పక్కింటి పెద్దాయన రెండు సార్లు అన్నాడు. మూడో రోజు నుంచి నేను బక్కెట్లు ఇంటి వెనక నింపుకున్నాను.

కింద వరస దగ్గర రసమట్టం పెట్టి ఒక చెక్క బద్దె బిగించాడు. మొదటి వరస దాని మీద కూర్చుంటుంది. పళ్లున్న తాపీతో గోడకి గమ్ము గీతలుగా పరిచి, పలక వెనక కూడా పలచగా పూసి, అద్ది, కొంచెం అటూ ఇటూ జరిపి కూర్చోబెట్టాడు. ఐదు ముద్దల పద్ధతి కాదు, అంగుళం ఖాళీ లేకుండా. ప్రతి పది పలకలకీ ఒకటి పీకి వెనక చూసుకునేవాడు, గమ్ము మొత్తం అంటిందో లేదో. రోజుకి మూడడుగుల ఎత్తే, కింద వరసలు గట్టిపడ్డాకే పైవి. రాయికీ రాయికీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు. నాన్నకి సందు లేకుండా కావాలి, ఫొటోల్లో అట్లనే ఉంది. ‘‘ఎండకి రాయి సాగుద్ది సామీ. సాగడానికి చోటియ్యకపోతే పక్కోణ్ని తోస్తది’’ అని మేస్త్రి వివరించాడు. ఇంత చక్కగా థర్మల్ ఎక్స్‌పాన్షన్ నాకు బీటెక్‌లో ఎవరూ చెప్పలేదు.

కోత దగ్గర అమ్మ కాపలా. మేస్త్రికి హైదరాబాద్‌లో చేతి కట్టర్‌తో పొడిగా కోసే అలవాటు. ముక్కుకి తువాలు కట్టుకుంటే చాలనుకుంటారు. తువాలు ఆ సన్నటి ధూళిని ఆపదు. అమ్మ ఒక చేత్తో పైపు పట్టుకుని బ్లేడు రాయిని తాకే చోట నీళ్లు వదుల్తూ నిలబడింది. కరెంటు కట్టర్‌కి నీళ్లు ప్రమాదం కదా అని నేను కనిగిరి వెళ్లి నీళ్లతో కోసే చిన్న టేబుల్ మిషన్ అద్దెకు తెచ్చాను. అందరికీ ఎన్95 మాస్కులు కొన్నాను. మేస్త్రి వెంట వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. వాడు మాస్కు గడ్డం కిందికి లాగినప్పుడల్లా అమ్మ మిషన్ ఆపేసేది. ‘‘ఏందమ్మా, నాకేం గాదులే’’ అన్నాడు ఒకసారి. అమ్మ ఏమీ మాట్లాడకుండా వాడు మాస్కు పైకి లాగేదాకా స్విచ్చి దగ్గరే నిలబడింది. సాయంత్రం మిషన్ కింద తొట్టిలో పేరుకున్న బూడిద రంగు బురదను ఆరనివ్వకుండా తనే గోతిలో పోసి మట్టి కప్పింది.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. రాయి ధర మంచి రకం ఎలివేషన్ టైలుకి దగ్గరగానే వచ్చింది. తేడా కూలిలో, గమ్ములో వచ్చింది. రాయి వెనక ఎగుడుదిగుడు కాబట్టి గమ్ము దాదాపు రెట్టింపు తాగింది. గోడ తయారీ రోజులు కలిపితే కూలి టైలుకన్నా ఒకటిన్నర రెట్లు. తక్కువలో కావాలంటే టైలే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. సరైన గమ్ముతో, పెయింటు లేని గోడ మీద, నిండా అంటించి, సందు వదిలి పెడితే అచ్చు రాయి కూడా దశాబ్దాలు ఉంటుంది. పిన్నివాళ్ల గోడ కూలింది టైలు వల్ల కాదు, ఐదు ముద్దల వల్ల. వాళ్లు మిగిలిన టైళ్లన్నీ తీయించేసి ఇప్పుడు ఉత్త రంగు వేసుకున్నారు.

పని ముగిసిన ఇరవై ఎనిమిదో రోజుకి మేస్త్రి మళ్లీ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి, కింద వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో పలకను నాలుగు మూలలా, మధ్యలో తట్టుకుంటూ పోయాడు. అమ్మ వెనకే నడిచింది. నాలుగో వరసలో ఒకచోట అతను దాటిపోతుంటే, ‘‘ఆగు, ఇంకోసారి కొట్టు’’ అంది. కొట్టాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అలాంటివి మొత్తం రెండు తేలాయి. సుద్దతో గుర్తు పెట్టి, వాటిని మరుసటి రోజు పీకి, వెనకంతా గీకి, కొత్త గమ్ముతో మళ్లీ అతికించాడు. ఆ రెండింటికీ కూలి తీసుకోలేదు.